మంచు ఎందుకు ఆగింది? గంజాం తీరంలో చలికాలపు చివరి వాన లెక్క

క్లుప్తంగా: ఫిబ్రవరిలో దక్షిణ ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు పొగమంచూ వాన కబురూ తరచూ జంటగా వస్తాయి. రెండిటికీ తేమ పంపేది బంగాళాఖాతం మీది దక్షిణపు గాలే. అయితే మంచు దట్టంగా పట్టినంత మాత్రాన వాన వస్తుందని చెప్పలేం. రోజూ పట్టే మంచు ఉన్నట్టుండి ఒక తెల్లవారు పట్టకపోయి, ఆ రాత్రి ఉక్కగా గడిస్తే మాత్రం పడమటి నుంచి ద్రోణి (పీడనం తక్కువగా ఉండి పొడుగ్గా సాగిన పట్టీ) దగ్గరపడిందని అనుమానించాలి. వాన వెలిశాక పట్టే మంచు కథ వేరు.

## రెండు కబుర్లు ఒకేసారి

ఫిబ్రవరి సగానికి వచ్చేసరికి దక్షిణ ఒడిశా తీరంలో వాతావరణం ఒక పట్టాన అర్థం కాదు. రంభ నుంచి గంజాం దాకా జాతీయ రహదారి 16 మీద ఉదయం ఏడింటికి కూడా లారీలు లైట్లు వేసుకునే నడుస్తాయి. గోపాల్‌పూర్ ఒడ్డున అల చప్పుడు వినిపిస్తుంది గాని అల కనిపించదు. పదింటికల్లా ఎండ చుర్రుమంటుంది. సాయంత్రం ఫోన్ తీస్తే రేపటికి మంచు బొమ్మ, ఎల్లుండికి ఉరుముల బొమ్మ. చలికాలం పోయిందా, వానాకాలం వచ్చిందా, ఎండాకాలం మొదలైందా అన్నది తేలదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని తెలుగిళ్లలో అంటారు. ఈ తీరంలో అది పోతూ పోతూ ఒకటి రెండు జల్లులు కురిపించి పోవడం మామూలే. వాతావరణ శాఖ లెక్కలో జనవరి, ఫిబ్రవరి నెలలు చలికాలం. మార్చి నుంచి మే వరకు రుతుపవనాలకు ముందు కాలం. ఫిబ్రవరి మూడు, నాలుగు వారాలు ఈ రెండు కాలాలూ ఒకదానిలోకి ఒకటి చొరబడే సమయం. అందుకే ఉదయం చలికాలం లక్షణాలు, సాయంత్రం ఎండాకాలం గాలివాన లక్షణాలు ఒకే రోజులో కనిపిస్తాయి.

ఇక్కడి తెలుగువాళ్లకి ఇంకో తిరకాసు ఉంది. చాలా ఇళ్లలో చూసేది తెలుగు టీవీ, అంటే ఉత్తరాంధ్ర వాతావరణం. ఊరికి వర్తించేది భువనేశ్వర్ నుంచి వచ్చే హెచ్చరిక. ఇచ్ఛాపురానికీ బరంపురానికీ మధ్య ఉన్నది సుమారు పాతిక కిలోమీటర్లు. ఆకాశం రెండింటికీ ఒక్కటే, బులెటిన్లు మాత్రం రెండు.

## గాలి ఎంత తేమ పట్టగలదు

పొగమంచు అంటే నేలను ఆనుకుని ఉన్న మబ్బే. చూపు 1000 మీటర్ల కంటే తగ్గితేనే వాతావరణ శాఖ దాన్ని పొగమంచు అంటుంది. 200 మీటర్ల లోపు అయితే దట్టమైన మంచు, 50 మీటర్ల లోపు అయితే అతి దట్టమైన మంచు. కిలోమీటరు అవతల కూడా కాస్త కనిపిస్తూ అంతా మసకగా ఉంటే అది పలచటి మంచుతెరో, పొగ, ధూళి కలిసిన మసకో అవుతుంది. వార్తల్లో ఇవన్నీ 'మంచు' కింద కలిసిపోతుంటాయి.

దీని వెనక ఉన్న లెక్క చిన్నది. 25 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 23 గ్రాముల దాకా నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 18 డిగ్రీలకు చల్లబడితే 15.4 గ్రాములే పట్టగలదు. 16 డిగ్రీలకు దిగితే 13.6 గ్రాములే. సాయంత్రం ఆరింటికి బరంపురంలో 25 డిగ్రీలుండి గాలిలో 15.4 గ్రాముల ఆవిరి ఉంటే తేమ శాతం 67. ఒళ్లుకి హాయిగానే ఉంటుంది. అదే గాలి రాత్రికి 18 డిగ్రీలకు వస్తే తేమ నూటికి నూరు. ఇంకో రెండు డిగ్రీలు తగ్గితే దాదాపు రెండు గ్రాముల నీరు ఆవిరిగా ఉండలేక బయటపడుతుంది. అందులో కొంత ఆకుల మీద, రేకుల మీద, పార్కు చేసిన బైకు సీటు మీద తడిగా దిగుతుంది. మిగిలినది గాలిలోనే సన్నటి తుంపరలుగా తేలుతుంది. ఇలా తేమ నూటికి నూరయ్యే ఉష్ణోగ్రతనే డ్యూ పాయింట్ అంటారు, ఇక్కడ అది 18 డిగ్రీలు. సాయంత్రం డ్యూ పాయింట్ ఎంతో, తెల్లవారి కనిష్ఠం ఎంతో తెలిస్తే మంచు సంగతి సగం తెలిసినట్టే.

ఆ తుంపరలు మీటరులో లక్షో వంతు, రెండు లక్షో వంతులు ఉంటాయి. కింద పడాలన్నా సెకనుకు సెంటీమీటరు వేగమే. అలాంటివి లక్షల్లో కలిస్తే గాని ఒక్క వాన చినుకు కాదు. దట్టమైన మంచులో గంట నడిచినా జుట్టు చెమ్మగిల్లడమే తప్ప తడవకపోవడానికి కారణం ఇదే. తుంపర కట్టడానికి ఒక కణం ఆసరా కావాలి. తీరంలో అలలు చిమ్మే ఉప్పు రేణువులు, ఊరి పొగ, పొలాల్లో తగలబెట్టిన గడ్డి మసి ఆ పని చేస్తాయి. కణాలు ఎక్కువైతే తుంపరలు ఇంకా చిన్నవై, సంఖ్య పెరిగి, అదే తేమతోనే చూపు మరింత తగ్గుతుంది.

## సముద్రం చేసే పని

మంచుకి మూడు కావాలి: తేమ, చల్లబడే నేల, కదలని గాలి. చల్లబడే పని రాత్రి చేస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడిని నేరుగా పైకి వదిలేసి వేగంగా చల్లారుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లారుతుంది. పైన వంద, రెండు వందల మీటర్ల ఎత్తులో గాలి మాత్రం వెచ్చగానే ఉంటుంది. కింద చల్లన, పైన వెచ్చన ఉన్నప్పుడు గాలి పైకి లేవదు. తేమా, పొగా అక్కడే నిలిచిపోతాయి.

డిసెంబరులోనూ ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, రాత్రులు ఇంకా పొడుగు, చలీ ఎక్కువే. అయినా తీరంలో చాలా రోజులు మంచు పట్టదు. ఎందుకంటే అప్పుడు వీచేది ఉత్తరం, వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి. పెదాలు పగులుతాయి, బట్టలు పూటలో ఆరిపోతాయి. జనవరి చివరి నుంచి ఈ ఏర్పాటు మారుతుంది. బంగాళాఖాతం పశ్చిమ భాగం మీద అధిక పీడనం స్థిరపడుతుంది. అధిక పీడనం చుట్టూ ఉత్తరార్ధగోళంలో గాలి గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది కాబట్టి దాని పడమటి అంచున, అంటే మన తీరం మీద, గాలి దక్షిణం నుంచి వీస్తుంది. ఫిబ్రవరిలో ఈ తీరపు సముద్రం పైనీరు సుమారు 25 నుంచి 27 డిగ్రీల దాకా ఉంటుంది. దాని మీదుగా వందల కిలోమీటర్లు వచ్చిన గాలి తేమతో నిండి, రాత్రికి 18, 19 డిగ్రీలకు చల్లారిన నేల మీదికి చేరుతుంది. గంగా మైదానంలో లాగా ఉన్నచోటే పుట్టిన మంచు కాదిది. సగం పుట్టింది, సగం వచ్చింది.

చిలికా దీనికి తోడు. ఎండాకాలంలో 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో దాదాపు 1165 చదరపు కిలోమీటర్లు పరుచుకునే ఈ సరస్సు లోతు తక్కువ. దాని ఒడ్డునే రైలు మార్గం, రహదారి పోతాయి. రంభ, ఖళ్లికోట్ దగ్గర కొండలు గాలిని కొంత అడ్డుకుంటాయి. తేమ ఇచ్చే నీరు ఒకవైపు, గాలిని ఆపే కొండ మరోవైపు ఉన్న ఈ ముక్క మంచు పట్టడానికి అనువైన చోటు. ఇక్కడ దారి కనిపించని రోజున కూడా బరంపురం పాత బస్టాండులో మామూలుగా ఉండటం వింతేమీ కాదు.

## అమృత్‌సర్ మంచు, గోపాల్‌పూర్ మంచు

టీవీలో ఉత్తరాది మంచు దృశ్యాలు చూసి ఇక్కడి మంచునీ అలాగే ఊహించుకుంటారు. తేడా సూర్యుడి ఎత్తులో ఉంది. డిసెంబరు చివర అమృత్‌సర్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతం నుంచి 35 డిగ్రీలే లేస్తాడు. ఫిబ్రవరి నడిమికి గంజాం తీరంలో 58 డిగ్రీలు లేస్తాడు. అక్కడ ఏటవాలు ఎండ మంచు పైపొరను తాకి చెదిరిపోతుంది, నేల వేడెక్కదు, మంచు రోజుల తరబడి కదలదు. ఇక్కడ ఎనిమిదింటికే ఎండ మంచులోంచి దిగి నేలను తాకుతుంది. నేల వేడెక్కితే కింది గాలి లేస్తుంది, మంచు అంచుల నుంచి లోపలికి విడిపోతూ వస్తుంది. కొన్నిసార్లు విడిపోకుండా మొత్తంగా పైకి లేచి, వంద రెండు వందల మీటర్ల ఎత్తులో బూడిదరంగు మబ్బుగా కాసేపు నిలుస్తుంది. కింద దారి కనిపిస్తుంది, మహేంద్రగిరి వైపు కొండల నడుములు మాత్రం కనిపించవు.

## పడమటి నుంచి వచ్చేది

ఇక వాన సంగతి. ఫోన్ యాప్‌లు, విదేశీ వాతావరణ పటాలు 'ఫ్రంట్' వస్తోందని చూపిస్తుంటాయి. యూరప్‌లో ఫ్రంట్ అంటే చల్లటి గాలి రాశికీ వెచ్చటి గాలి రాశికీ మధ్య గీత గీసినట్టుండే సరిహద్దు. అది దాటగానే కొన్ని గంటల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీలు కూడా పడిపోవచ్చు. 19 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న బరంపురానికి అంత స్పష్టమైన గీత రావడం అరుదు. ఇక్కడికి చేరేది దాని తోక లాంటి ద్రోణి.

అసలు మూలం మధ్యధరా ప్రాంతం వైపు ఉంది. చలికాలంలో భూమికి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలుల్లో అలజడులు ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా ఉత్తర భారతంలోకి వస్తాయి. వీటినే పశ్చిమ అవాంతరాలు, వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు అంటారు. నెలకు నాలుగైదు వస్తాయి. ఎక్కువ భాగం హిమాలయాల మీద మంచు కురిపించి పోతాయి, ఒడిశాకు వాటి ఊసే తెలియదు. కొన్ని మాత్రం దక్షిణానికి లోతుగా వంగుతాయి. అప్పుడు ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీద పైఎత్తుల్లో చల్లటి గాలి చేరుతుంది, కింద నేల దగ్గర ఒక అల్పపీడన ద్రోణి ఏర్పడుతుంది.

ద్రోణి ఒక్కటే వస్తే పెద్దగా ఏం జరగదు. చలికాలంలో నడి ఒడిశా నేల మీద గాలి పొడిగా ఉంటుంది, పొడిగాలిని పైకి లేపినా మబ్బు కట్టదు. కానీ అదే సమయంలో బంగాళాఖాతం అధిక పీడనం దక్షిణపు గాలిని లోపలికి తోస్తూ ఉంటే, ద్రోణి ఆ తేమను ఇంకా గట్టిగా లాక్కుంటుంది. నాలుగు రోజులుగా తెల్లవారి మంచుగా పడుతున్న తేమే ఇప్పుడు వాన సరుకు అవుతుంది. మంచుకీ వానకీ ఉన్న చుట్టరికం ఇదే. ఒకటి మరొకదాన్ని తేదు, రెండూ ఒకే గాలి పంచుకుంటాయి.

## మంచు ఆగిన తెల్లవారు

కాబట్టి మంచు పట్టడం కంటే అది ఆగిపోయిన తీరు ఎక్కువ సంగతులు చెబుతుంది. మంచు ఆగడానికి మూడు దారులున్నాయి.

ఒకటి, ఉత్తరపు పొడిగాలి తిరిగి రావడం. ఆ రాత్రి చలి పెరుగుతుంది, పొద్దున్న ఆకాశం నీలంగా ఉంటుంది, దండెం మీది బట్టలు ఆరిపోయి ఉంటాయి. ఇది వానకు వ్యతిరేక సూచన. మరో మూడు నాలుగు రోజులు నిశ్చింతగా ఉండొచ్చు.

రెండోది, మబ్బు కమ్మడం. ద్రోణి వానకు ఒకటి రెండు రోజుల ముందు దాని పైఎత్తు మబ్బులు వచ్చేస్తాయి. మొదట దూది పీచుల్లాంటి సన్నటి తెల్లమబ్బు పడమర నుంచి పాకుతుంది, తర్వాత సూర్యుడి చుట్టూ గుడి, అంటే వెలుగు వలయం, కనిపించవచ్చు, సాయంత్రానికి పలచటి బూడిద పొర. రాత్రి ఈ మబ్బు నేలకు కప్పిన దుప్పటి అవుతుంది. నేల వదిలిన వేడిని అది తిరిగి కిందికే పంపుతుంది. 18కి దిగాల్సిన కనిష్ఠం 21, 22 దగ్గరే ఆగుతుంది. గాలిలో తేమ నిన్నటికంటే ఎక్కువే ఉన్నా, చల్లబడలేదు కాబట్టి మంచు పట్టదు.

మూడోది గాలి వేగం. ద్రోణి దగ్గరపడేకొద్దీ పీడనం తేడా పెరిగి రాత్రిపూట కూడా దక్షిణపు గాలి ఆగదు. గంటకు పది కిలోమీటర్లు దాటి వీస్తే కింది చల్లటి గాలి పైదానితో కలిసిపోతుంది. మంచు నేల వదిలి తక్కువ ఎత్తు మబ్బుగా పరుగెడుతుంది.

రెండో, మూడో దారుల్లో మంచు ఆగిందా అన్నది చెప్పడానికి థర్మామీటరే అక్కర్లేదు. బరంపురం ఇళ్లలో అప్పడాలు, వడియాలు పెట్టేవాళ్లకి ఇది చేతివేళ్లకే తెలుస్తుంది. ముందురోజు కరకరమన్న అప్పడం డబ్బా మూత తీసేసరికి మెత్తబడి ఉంటుంది. గదిలో గచ్చు చెమరుస్తుంది, ఎందుకంటే నాలుగు రాత్రులు చల్లారిన నేల మీదికి తడిగాలి వచ్చింది. సీసాలో ఉప్పు గడ్డకడుతుంది. మంచు లేదు, చలి లేదు, అయినా చెమ్మ. ఆ కలయిక కనిపించాక ఆకాశంలో పడమటి మబ్బు కూడా ఉంటే, వచ్చే ఒకటి రెండు రోజుల్లో జల్లు పడే అవకాశం బాగా పెరిగినట్టు. నూటికి నూరని మాత్రం చెప్పలేం. ద్రోణి ఉత్తరానికి జరిగితే కటక్, బాలేశ్వర్ తడిసి, ఇక్కడ ముసురు ముఖం చూపించి పోవడం కూడా ఉంది.

## మబ్బు గాలికి ఎదురొస్తుంది

చాలామందిని తికమక పెట్టే దృశ్యం ఒకటుంది. గాలి సముద్రం నుంచి వీస్తుంటుంది, మబ్బు మాత్రం కొండల వైపు నుంచి వస్తుంటుంది. నేల దగ్గరి గాలి మబ్బుకి తేమ అందించేదే, దాన్ని తోసేది కాదు. ఉరుముల మబ్బు పది కిలోమీటర్లకు పైగా లేస్తుంది, దాని నడుము భాగం పడమటి గాలుల్లో ఉంటుంది. అవే దాన్ని తూర్పుకి నడుపుతాయి.

మధ్యాహ్నం గజపతి, కంధమాల్, రాయగడ కొండవాలులు సముద్రతీరం కంటే ముందుగా, ఎక్కువగా వేడెక్కుతాయి. మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తు. తడిగాలి ఆ వాలుకి తగిలి లేస్తుంది. పైన ద్రోణి తెచ్చిన చలిగాలి సిద్ధంగా ఉంటుంది. కింద వెచ్చన, పైన బాగా చల్లన ఉంటే లేచిన గాలి ఇక ఆగదు. రెండు మూడు గంటలకు పర్లాకిమిడి, మోహన పైన మబ్బు కడుతుంది. సాయంత్రానికి దిగపహండి, చికిటి మీదుగా తీరానికి దిగుతుంది. ఒడ్డుకి చేరేసరికి తరచూ బలహీనపడుతుంది, సముద్రపు చల్లటి గాలి పొర దానికి ఊపిరి తగ్గిస్తుంది. అందుకే వడగళ్లు కొండ పక్క ఊళ్లలో పడినంతగా గోపాల్‌పూర్‌లో పడవు.

వాన మొత్తం మాత్రం సాధారణంగా పెద్దది కాదు. వాతావరణ శాఖ కొలతలో రోజుకు 15.5 మిల్లీమీటర్ల వరకు తేలికపాటి వాన, 64.4 దాకా ఒక మోస్తరు. ఫిబ్రవరి జల్లులు ఎక్కువగా మొదటి తరగతిలోనివే, అప్పుడప్పుడు రెండోది. నష్టం చేసేది వాన కంటే ముందొచ్చే ఈదురుగాలి, పిడుగు. పిడుగుపాటును ఒడిశా ప్రభుత్వం రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చింది. చలికాలంలో పిడుగేంటి అనుకుని పొలంలోనో జీడితోటలోనో ఉండిపోవడం వల్లే ఈ నెలలో ముప్పు.

అల్పపీడనం, ద్రోణి అన్న మాటలు వినగానే ఈ జిల్లాల్లో టెన్షన్ మొదలవుతుంది. కారణం లేకపోలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. ఫిబ్రవరి ద్రోణి ఆ జాతిది కాదు. తుపానుకు వెచ్చటి సముద్రం కావాలి, కింది గాలికీ పై గాలికీ వేగంలో తేడా తక్కువ ఉండాలి. ఫిబ్రవరిలో ఉత్తర బంగాళాఖాతం చల్లగా ఉంటుంది, పైన పడమటి గాలులు తుపాను తలను కోసేసేంత బలంగా ఉంటాయి.

## వాన వెలిశాక వచ్చే మంచు

ద్రోణి తూర్పుకి దాటిపోయాక ఆకాశం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. నేల తడిసి ఉంది, గాలి పడిపోయింది, రాత్రి నిర్మలంగా ఉంది. మంచుకి కావలసిన మూడూ ఒకే రాత్రి సమకూరుతాయి. ఆ మర్నాటి మంచు ఆ సీజన్‌లోనే దట్టమైనదిగా ఉండటం తరచూ జరుగుతుంది. వాన పోయిందన్న ధీమాతో వేకువజామున బండి తీసేవాళ్లకి ఇది దెబ్బ. హై బీమ్ వేస్తే ఎదురుగా ఉన్న తుంపరలు ఆ వెలుగును కళ్లలోకే తిప్పికొడతాయి, దారి ఇంకా తక్కువ కనిపిస్తుంది. డిప్ లైటే మేలు. ఒకటి రెండు రోజుల్లో వాయవ్యపు పొడిగాలి వచ్చి ఈ విడతను ముగిస్తుంది. చలి ఇంకో నాలుగు రోజులు వెనక్కి వస్తుంది.

## తోటలో, ఒడ్డున, ఉప్పుమడిలో

ఈ వారం రోజుల వాతావరణానికి అన్నిటికంటే ఎక్కువ లొంగేది పూత. ఫిబ్రవరిలో మామిడి, జీడి రెండూ పూత, పిందె మీద ఉంటాయి. మంచు వల్ల పూగుత్తి తెల్లవారి ఆరేడు గంటలు తడిగా ఉంటుంది. బూడిద తెగులు బీజాలకు చల్లటి రాత్రి, తేమగాలి, వెచ్చటి పగలు సరిపోతాయి. పూరెమ్మల మీద తెల్లటి పొడి చల్లినట్టు కనిపిస్తుంది. మబ్బు వాతావరణంలో తేనెమంచు పురుగు పెరుగుతుంది, దాని జిగురు మీద నల్లటి మసి బూజు కడుతుంది. వాన పడితే పక్షికన్ను తెగులు వంతు. జీడికి టీ దోమ. లేత కొమ్మలూ పూతా నల్లబడి మాడిపోతే మంచు కాల్చేసిందనుకునేవాళ్లు చాలామంది. మంచు తుంపర దేన్నీ కాల్చదు, అది తెచ్చిన చెమ్మలో పురుగూ బూజూ పని చేసుకుపోతాయి.

ఇక్కడే ద్రోణి రోజు తెలియడం డబ్బుతో సమానం. వానకు కొన్ని గంటల ముందు కొట్టిన మందు కడిగేసుకుపోతుంది. మంచు తడి ఆరకముందే కొడితే మందు పలచబడి కారిపోతుంది. నిండు పూతలో పురుగుమందు కొడితే పరాగం మోసే ఈగలు, తేనెటీగలు చస్తాయి. మంచు రోజుల్లో పదింటి తర్వాత, ద్రోణి కబురున్నప్పుడు వాన వెలిసి ఆకు ఆరాక, అన్నది తోటల దగ్గర పాటించే వరస.

వరి కోసిన మళ్లలో చల్లిన పెసర, మినుముల సంగతి రెండు రకాలు. పూత దశలో ఉన్న చేనుకి పదిపదిహేను మిల్లీమీటర్ల జల్లు వరమే, ఎందుకంటే ఆ పంట నడిచేదే నేలలో మిగిలిన తేమ మీద. కాయ ఎండిన చేనుకి అదే జల్లు గింజ రంగు పోగొడుతుంది, ముసురు పడితే కాయలోనే మొలకెత్తిస్తుంది. ఋషికుల్య కాలువల కింద రెండో పంట వరి వేసినచోట రాత్రి చలి, ఆకు తడి కలిస్తే అగ్గి తెగులు భయం. యూరియా ఎక్కువ వేసిన మడికి అది ముందు పడుతుంది.

ఒడ్డున లెక్క వేరు. గోపాల్‌పూర్, ఆర్జిపల్లి, సోనాపూర్ ఊళ్లలో వేటకెళ్లేవాళ్లు ఎక్కువగా తెలుగు మాట్లాడే కుటుంబాలే. ఒడియావాళ్లు వీళ్లని నోలియాలంటారు. మంచు రోజున గాలి ఉండదు కాబట్టి సముద్రం నెమ్మదిగానే ఉంటుంది. భయం అలతో కాదు, కనిపించకుండా వచ్చే పెద్ద బోటుతో. ద్రోణి రోజున దీనికి తలకిందులు. చూపు బాగుంటుంది, మధ్యాహ్నం దాకా నీరూ బాగుంటుంది, ఉరుముల మబ్బు దిగేటప్పుడు పది నిమిషాల్లో గాలి తిరగబడుతుంది. ఇక ఇసుక మీద ఆరబోసిన నెత్తళ్లకు రెండూ చెరుపే. మంచు పట్టిన ఉదయం పది దాటే దాకా ఆరబోయడానికి లేదు, మెత్తబడిన చేపకు ఈగలు ముసురుతాయి. జల్లు పడితే సరుకు దాణా ధరకే పోతుంది.

హుమ్మా, సుర్లా ఉప్పుమడుల్లో అప్పుడే సీజన్ ఊపందుకుంటుంది. మూడు, మూడున్నర బోమే డిగ్రీల (ఉప్పునీటి చిక్కదనం కొలత) సముద్రపు నీరు ఎండకూ గాలికీ చిక్కబడి 25 బోమే డిగ్రీలకు వస్తే ఉప్పు దిగుతుంది. మంచు ఉదయాలు ఈ పనిని ఆలస్యం చేస్తాయి, అంతే. వాన మాత్రం చిక్కబడిన నీటిని మళ్లీ పలచన చేసి లెక్కను వెనక్కి తిప్పుతుంది.

## రెండు బులెటిన్లను ఎలా చదవాలి

గంజాం, గజపతి జిల్లాలకు అంచనా ఇచ్చేది భువనేశ్వర్ వాతావరణ కేంద్రం, శ్రీకాకుళానికి అమరావతి. ద్రోణి పడమటి నుంచి, వాయవ్యం నుంచి వస్తుంది కాబట్టి ఈ నెలలో బరంపురానికి తెలుగు బులెటిన్ కంటే ఒడిశా బులెటిన్‌లోని కంధమాల్, రాయగడ, గజపతి వరుసే ముందు చూడదగ్గది. అక్కడ పసుపు రంగు హెచ్చరిక మధ్యాహ్నానికి ఉంటే ఇక్కడికి సాయంత్రానికి రావచ్చు. అక్టోబరులో దీనికి వ్యతిరేకం. అప్పుడు వాన సముద్రం నుంచి వస్తుంది, విశాఖ కబురు కూడా అంతే ముఖ్యం.

మంచు విషయంలో పరికరాలకు కొన్ని పరిమితులున్నాయి. గోపాల్‌పూర్‌లో డాప్లర్ రాడార్ ఉంది, ఉరుముల మబ్బును వందల కిలోమీటర్ల దూరం నుంచే పసిగడుతుంది. మంచును మాత్రం పట్టలేదు. దాని పది సెంటీమీటర్ల తరంగానికి మంచు తుంపర మరీ చిన్నది. ఉపగ్రహం రాత్రిపూట రెండు రకాల పరారుణ కిరణాల తేడా చూసి మంచును గుర్తిస్తుంది, కానీ పైన సన్నటి ఎత్తు మబ్బు పరుచుకుంటే కింద ఏముందో దానికి తెలియదు. సరిగ్గా ద్రోణి వచ్చే ముందు రోజునే ఆ మబ్బు ఉంటుంది. కంప్యూటర్ నమూనాలు కిలోమీటర్ల గళ్లలో లెక్కకడతాయి. వంద మీటర్ల మందం ఉండి, ఒక చెరువు దగ్గర పట్టి పక్క ఊళ్లో పట్టని మంచు ఆ గళ్లలోంచి జారిపోతుంది. ఫోన్‌లో మూడు రోజుల ముందు కనిపించే మంచు బొమ్మకు విలువ తక్కువన్నది అందుకే. అదే మూడు రోజుల ముందు కనిపించే ద్రోణి అంచనా చాలావరకు నమ్మదగ్గది, ఎందుకంటే అది వేల కిలోమీటర్ల పెద్ద వ్యవస్థ.

వాడుకలోకి వచ్చేసరికి ఒక్కో కబురుకి ఒక్కో గడువు ఉంది. ద్రోణి రాక మూడు నాలుగు రోజుల ముందు చూసుకోవచ్చు, పంట కోత, మందు పిచికారీ దాని మీద అనుకోవచ్చు. మంచుకి ముందురోజు రాత్రి పది తర్వాతి సమాచారమే పనికొస్తుంది: అప్పటికి ఆకాశం తేటగా ఉండి, గాలి నిలిచిపోయి, ఉష్ణోగ్రత డ్యూ పాయింట్‌కి రెండు మూడు డిగ్రీల దూరంలోకి వచ్చేస్తే తెల్లవారి ప్రయాణం ఎనిమిది తర్వాతకి జరుపుకోవడం మంచిది. ఉరుముల మబ్బుకి వాతావరణ శాఖ వచ్చే మూడు గంటలకు ఇచ్చే అంచనా, అంటే నౌకాస్ట్, పిడుగులకు దామిని యాప్. మధ్యాహ్నం రెండు గంటలకు పర్లాకిమిడి వైపు నౌకాస్ట్ వచ్చిందంటే, చికిటి చేలల్లో ఉన్నవాళ్లకి పనిముట్లు సర్దుకోవడానికి గంటో గంటన్నరో ఉన్నట్టు.